గుర్రంలో వాటా కొన్న కొత్త ఓనర్లకు బహిరంగ లేఖ: "మనది ఎప్పుడు పరిగెడుతుంది" అని అడగడం ఆపండి

మలక్‌పేటలో రేసు గుర్రం కొన్నవాళ్లకు, నలుగురైదుగురు కలిసి వాటాలు వేసుకుని కొన్నవాళ్లకు, అందరికీ నమస్కారం.

మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు, గుర్తుండదు. పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని గుర్రం మీద వెళ్లేవాళ్లంతా ఒకేలా కనిపిస్తారు. చాలాకాలం రైడింగ్ బాయ్‌గా పనిచేశాను. ఇప్పుడు నడుం సహకరించక ఒక ట్రైనర్ దగ్గర దాణా లెక్కలు, సైసుల (గుర్రాలను చూసుకునే పనివాళ్ల) జీతాల లెక్కలు, గుర్రాల పుస్తకాలు చూస్తున్నాను. మా సారుకి కళ్లద్దాలు లేకపోతే ఫోన్‌లో అక్షరాలు కనిపించవు కాబట్టి మీరు పెట్టే వాట్సాప్ మెసేజ్‌లు చదివిపెట్టేది కూడా నేనే. మీ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకు బాగానే తెలుసు. "సర్, ఎనీ అప్‌డేట్?" "పక్క లాయంలో పిల్ల అప్పుడే రన్ అయిందట, మనదెందుకు కాలేదు?" "మా బావగారు నెలాఖరుకి అమెరికా నుంచి వస్తున్నారు, అప్పటికి ఒక రేసు వేయించండి." ఈ చివరిది నిజంగా వచ్చిన మెసేజే, నేనేమీ కలపలేదు.

ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను, ట్రైనర్లకు కాదు. వాళ్లకు ఇందులో కొత్త విషయం ఒక్కటీ ఉండదు. పిల్ల గుర్రాన్ని తొందరపెడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు, తెలిసీ తొందరపెడతారు, ఎందుకంటే మీకు కోపం వస్తే గుర్రాన్ని విప్పుకుపోయి పక్క ట్రైనర్ దగ్గర కట్టేస్తారు. మీరు ఓపిక పడితే వాళ్లూ పడతారు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా అది ఎందుకో చెప్పడానికి.

ముందు వయసు లెక్క చూద్దాం. మన దేశంలోనే కాదు, ఉత్తరార్ధగోళం మొత్తంలో థరోబ్రెడ్ గుర్రాలన్నిటికీ (అంటే రేసులకు పెంచే జాతికి) పుట్టినరోజు జనవరి 1. ఆస్ట్రేలియా వైపు ఆగస్టు 1. జనవరిలో పుట్టినదానికీ, ఏప్రిల్ చివర్లో పుట్టినదానికీ కొత్త సంవత్సరం రాగానే ఒకేసారి ఏడాది నిండిపోతుంది. కాగితం మీద రెండూ రెండేళ్ల గుర్రాలే. లాయంలోకి వెళ్లి చూస్తే ఒకటి భుజం, తొడ నిండి చూడగానే గుర్రంలా ఉంటుంది, పక్కదానికేమో మూపుకంటే వెనకభాగం ఎత్తుగా ఉంటుంది, అంటే ఇంకా పెరుగుతోందన్నమాట. పిల్లలు ఒకసారి వెనక నుంచి, ఒకసారి ముందు నుంచి పెరుగుతూ మధ్యలో కొన్నాళ్లు అలా వంకరగా కనిపిస్తాయి, అదేం జబ్బు కాదు. ఆ వయసులో మూడు నెలలంటే చాలా తేడా. మీ పిల్ల ఏ నెలలో పుట్టిందో మీలో ఎంతమందికి తెలుసు? తండ్రి ఎవరు, తాత ఎవరు, తల్లి ఎన్ని రేసులు గెలిచింది అనేవి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

ఇక మీరు చూడని భాగం. మీ గుర్రం పుణె చుట్టుపక్కల ఫారాల్లోనో, కర్ణాటకలోని కుణిగల్‌లోనో, ఇంకా పైన ఉత్తరాదిలోనో పుట్టి ఉంటుంది. ఐదారు నెలలకు తల్లి నుంచి విడదీస్తారు. ఆ తర్వాత ఏడాది పాటు తినడం, తోటి పిల్లలతో కలిసి మైదానంలో దౌడు తీయడం, అంతే దాని పని. అది వృథా కాలం కాదు, ఎముకకు బలం అప్పటి నుంచే పడుతుంది. ఏడాదిన్నర దాటాక కళ్లెం, జీను, మనిషి బరువు, ఇవన్నీ ఒక్కొక్కటిగా అలవాటు చేస్తారు.

అన్నిటికంటే ముందు నోరు. కళ్లెం అంటే నోట్లో ఒక కడ్డీ. పైదవడలో దవడపళ్ల మొదట్లో కొన్ని పిల్లలకు ఒక చిన్న పన్ను ఉంటుంది, వుల్ఫ్ టూత్ అంటారు, మన చిటికెనవేలి గోరంత ఉంటుంది. పగ్గం లాగినప్పుడు కడ్డీ దానికి తగిలిందంటే ప్రాణం పోయినంత నొప్పి. తల ఎగరేస్తుంది, ఒక పక్కకే లాగుతుంది, ఎక్కినవాణ్ని పడేస్తుంది. మనం దానికి మొండిగుర్రం అని పేరు పెట్టేస్తాం. డాక్టర్ వచ్చి ఆ పన్ను తీసేస్తే, పుండు మానాక ఆ మొండితనం ఎటు పోయిందో తెలియదు. పైగా రెండున్నరేళ్ల వయసులో ముందు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. సరిగ్గా మీరు "ఎనీ అప్‌డేట్" అని అడిగే రోజుల్లోనే అది నమలలేక దాణా తొట్లో వదిలేసి నిలబడుతుంది. ఇవన్నీ అప్‌డేట్లే, కానీ "సర్, పన్ను ఊడింది" అని మెసేజ్ పెడితే మీరు నవ్వుకుంటారని ఎవరూ పెట్టరు.

తర్వాత పొట్ట చుట్టూ పట్టీ బిగించడం, పొడుగు పగ్గాలు పట్టుకుని వెనకాల నడుస్తూ కుడి ఎడమ నేర్పడం, జీను వేసి తిప్పడం, ఆ తర్వాత మనిషి. మొదట ఎవరూ కాళ్లు వేసి కూర్చోరు. ఒక తేలికపాటి కుర్రాడు వీపు మీద గోనెసంచిలా అడ్డంగా పడుకుంటాడు, ఇంకొకడు తల దగ్గర పట్టుకుంటాడు. నేను అలా పడుకున్న గుర్రప్పిల్లలు చాలా ఉన్నాయి. పొట్ట కింద దాని చర్మం అలలు అలలుగా వణుకుతుంది, రెండు చెవులూ వెనక్కి తిరిగి మన మీదే ఉంటాయి, ఊపిరి బిగబట్టేస్తుంది. అది ఊపిరి వదిలేదాకా మనం కదలకూడదు, మాట్లాడకూడదు. ఒక్కోసారి అర నిమిషంలో ముక్కుతో గట్టిగా ఊది తల కిందికి దించుతుంది, ఇక పర్లేదు. ఒక్కోసారి ఎంతసేపున్నా వదలదు, మెల్లగా జారి దిగిపోవాలి, మళ్లీ రేపే. తొందరపడి అప్పుడే కాళ్లు వేశామా, ఆ భయం దాని ఒంట్లో ఉండిపోతుంది, రెండేళ్ల తర్వాత ప్యాడాక్‌లో (రేసుకు ముందు గుర్రాలను తిప్పే చోట) జాకీ ఎక్కేటప్పుడు బయటికొస్తుంది. అప్పుడు మీరు స్టాండ్లో కూర్చుని "ఇదేంటి ఇలా ఎగురుతోంది" అంటారు.

ఫారం నుంచి మన దగ్గరికి వచ్చాక ఊరు అలవాటు కావాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మౌలాలి నుంచి పందాలను మలక్‌పేటకు మార్చినప్పుడు చుట్టూ ఎలా ఉండేదో గానీ ఇప్పుడు ఒక పక్క మెట్రో, ఒక పక్క రైలు, ఎప్పుడూ హారన్లు, పెళ్లిళ్ల సీజన్లో టపాకాయలు. పచ్చిక మైదానంలో పెరిగిన పిల్లకు ఇదంతా ఒకేసారి. కొన్ని వారంలో పట్టించుకోవడం మానేస్తాయి. కొన్ని దాణా సగానికి తగ్గించేస్తాయి, కడుపులో పుండ్లు పడతాయి (ట్రైనింగ్‌లో ఉన్న గుర్రాలకు అల్సర్లు చాలా మామూలు), రాత్రి పడుకోవు. పడుకుందా లేదా అన్నది సైసుకి పొద్దున దాని ఒంటికి అంటిన గడ్డి చూస్తే తెలుస్తుంది. ఓనర్లు లాయానికి వస్తే ట్రైనర్‌తో మాట్లాడి వెళ్లిపోతారు. సైసుని అడగండి, పేరుతో పిలిచి అడగండి. మీ గుర్రం గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఎముక.

పిల్ల గుర్రాన్ని రోజూ నడిపించి, ట్రాట్ (పరుగులాంటి నడక) చేయించి, మెల్లగా క్యాంటర్ (తేలికపాటి దౌడు) చేయిస్తుంటే గుండె, ఊపిరితిత్తులు, కండ కొన్ని వారాల్లోనే అందుకుంటాయి. దానికి దమ్ము వచ్చేస్తుంది, ఒళ్లు మెరుస్తుంది, పొద్దున బయటికి తీయగానే గంతులేస్తుంది, పగ్గం చేతుల్లోంచి లాగేస్తుంది. చూసేవాళ్లు రెడీ అయిపోయింది అంటారు. ఎముక మాత్రం వారాల్లో మారదు, నెలలు పడుతుంది. నాలుగైదు వందల కిలోల జంతువు గంటకు అరవై కిలోమీటర్లు దాటిన వేగంలో ఒక ముందుకాలు మీద వాలినప్పుడు ఆ కాలి మీద పడేది దాని బరువుకి రెండు రెట్లకు పైనే. రెండేళ్ల పిల్లకు ముందు మోకాలి పైన ఎముక పెరిగే మెత్తటి పొర, గ్రోత్ ప్లేట్ అంటారు, ఇంకా పూర్తిగా మూసుకోదు. రెండు నుంచి రెండున్నరేళ్ల మధ్యలో మూసుకుంటుంది, ఒక్కోదానికి ఒక్కో టైమ్. ఒక ఎక్స్‌రే తీస్తే తెలిసిపోయే సంగతి. దానికయ్యే ఖర్చు మీ గ్రూపులో ఒక పార్టీ బిల్లంత కూడా ఉండదు.

గ్రోత్ ప్లేట్ మూసుకున్నంత మాత్రాన అయిపోలేదు. మోకాలికీ గిట్ట పైనుండే కీలుకీ మధ్య ఉండే పొడుగెముకను కానన్ బోన్ అంటారు. పిల్లలు మొదటిసారి వేగం అందుకునే రోజుల్లో ఆ ఎముక ముందువైపు వాపు, నొప్పి వస్తాయి. షిన్‌సోర్ అంటాం. పిల్ల రేసు గుర్రాలకు చాలా ఎక్కువగా వచ్చే బాధ ఇది. వేళ్లతో ఎముక మీద పై నుంచి కిందికి నిమురుతూ వస్తే ఒకచోట కాలు చటుక్కున లాక్కుంటుంది. కొంచెం వెచ్చగా తగులుతుంది. కుంటదు, అదే దీనితో వచ్చిన చిక్కు. నడకలో ఏం తెలియదు, ట్రాట్‌లో అడుగు కాస్త పొట్టిగా పడుతుంది, గ్యాలప్‌లో, అంటే పూర్తి దౌడులో, వేడి ఎక్కాక అదీ కనిపించదు. ఎక్కినవాడికి, నిమిరినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక ఆడ గుర్రప్పిల్ల ఉండేది, ముదురు గోధుమరంగు, నుదుటి మీద తెల్లచుక్క. ఏ లాయమో, ఎవరిదో చెప్పను. నేనే ఎక్కేవాణ్ని. అంత సాఫీగా నడిచే పిల్ల మళ్లీ నా కిందికి రాలేదు, చేత్తో ఏం చెప్పక్కర్లేదు, మనసులో అనుకుంటే కదిలేది. వర్క్‌లో, అంటే పొద్దుటి ప్రాక్టీసు పరుగులో, పక్క గుర్రాలను ఊరికే దాటేసేది. ఒకరోజు దిగాక కడుగుతుంటే ఎడమకాలు లాక్కుంది. సైసు చూశాడు, నేను చూశాను, ట్రైనర్‌కి చెప్పాం. ఆయనకీ అర్థమైంది. కానీ ఎంట్రీ వేసేశారు, ఓనరు గారి కుటుంబం మొత్తం వస్తోంది, టేబుళ్లు బుక్ అయిపోయాయి. ఐస్ పెట్టారు, కట్టు కట్టారు, పరిగెత్తించారు. మూడో స్థానం వచ్చింది. ఫొటోలు, మిఠాయిలు, నాకు కూడా ఐదువందలిచ్చారు. వారం తిరిగేసరికి కాలు కింద పెట్టలేదు. ఎక్స్‌రేలో సన్నటి పగులు. ఫారానికి పంపేశారు, మళ్లీ రేసుకి రాలేదు. ఆ ఓనరు గారు చెడ్డాయన కాదు, గుర్రానికి బెల్లం తినిపించకుండా ఎప్పుడూ వెళ్లేవాడు కాదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఇది చదివి కొంతమంది రెండో వైపుకి పోతారని నాకు తెలుసు. "అయితే మూడున్నరేళ్లు వచ్చేదాకా కట్టేసి ఉంచుదాం" అని. అది ఇంకా తప్పు. ఎముక పని చేస్తేనే గట్టిపడుతుంది, పని లేకపోతే పలచబడుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డేవిడ్ నునమేకర్ అనే పశువైద్యుడు ఈ షిన్‌సోర్ మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆయన తేల్చింది ఏమిటంటే, రోజూ మైళ్లకు మైళ్లు నెమ్మదిగా క్యాంటర్ చేయించి, ఉన్నట్టుండి ఒకరోజు గట్టిగా పరిగెత్తిస్తే ఎముక ఆ వేగానికి తయారై ఉండదు. అలా కాకుండా మొదటి నుంచీ చాలా కొద్ది దూరం, వారానికి ఒకటి రెండుసార్లు, కాస్త వేగంగా వదిలి, ఆ దూరాన్ని నెలల మీద కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే ఎముక ఆ వేగానికి తగ్గ ఆకారంలో పెరుగుతుంది. నరాలు, అంటే గిట్ట వెనకనుంచి పైకి వచ్చే టెండన్లు, వాటి సంగతీ అంతే, చిన్నప్పుడు పని నేర్చుకుంటాయి గానీ ముదిరాక పెద్దగా మారవు. రెండేళ్ల వయసులోనే పరిగెత్తడం మొదలుపెట్టిన గుర్రాలు ఎక్కువ కాలం రేసుల్లో ఉన్నాయని ఆస్ట్రేలియా వంటి దేశాల్లో చేసిన పరిశీలనల్లో కూడా తేలింది. బాగున్నవే తొందరగా పరిగెత్తుతాయి కాబట్టి ఆ లెక్కను గుడ్డిగా నమ్మలేం గానీ, చిన్న వయసులో పని పడితే గుర్రం పాడైపోతుందన్న మాటైతే నిజం కాదు.

అందుకే నేను అడిగేది ఆలస్యం చేయమని కాదు. తారీఖు ముందు పెట్టుకుని వెనక్కి లెక్కేయకండి అంటున్నాను. అక్టోబర్ 2న దక్కన్ డెర్బీ, అది మూడేళ్ల గుర్రాలకు. ఫిబ్రవరిలో ముంబై మహాలక్ష్మిలో ఇండియన్ డెర్బీ, అది నాలుగేళ్ల వాటికి. ఇంగ్లండ్‌లో డెర్బీ మూడేళ్ల వాటికి, అదీ జూన్‌లోనే. మన దగ్గర పెద్ద రేసుకి పిల్లకు వాళ్లకంటే ఎక్కువ సమయం ఉంది, ఆ వరాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం. మీ పిల్ల అక్టోబర్‌కి అందుకోకపోతే కొంప మునగదు.

మధ్యలో జ్వరమో, దెబ్బో తగిలి నెలన్నర ఆగిందనుకోండి, అప్పుడు మీ గ్రూపులో గోల ఎక్కువవుతుంది, "ఇప్పటికే లేటయింది" అని. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఈ మాటే. లాయంలో నిలబడిన ఆ రోజుల్లో ఎముక లోపల పాత భాగాన్ని తవ్వేసి కొత్తది కట్టుకునే పని నడుస్తుంటుంది, తవ్వడం ముందు జరుగుతుంది, కట్టడం తర్వాత. అంటే విశ్రాంతి నుంచి బయటికి వచ్చిన వారాల్లో అది మునుపటికంటే బలహీనంగా ఉంటుంది, చూడటానికేమో విశ్రాంతి తీసుకుని నిగనిగలాడుతూ ఉంటుంది. ఎక్కడ ఆపామో అక్కడి నుంచి మొదలుపెట్టడం కుదరదు. కొన్ని మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి.

పేపర్లో ట్రాక్‌వర్క్ టైమింగ్స్ చదివేవాళ్లకు ఒక మాట. "600 మీటర్లు 45 సెకన్లు, మూవ్డ్ ఈజీ (తేలిగ్గా పోయింది)" అని ఉంటుంది. అంటే 200 మీటర్లకు 15 సెకన్లు, బాగా నిదానం. రేసులో 1200 మీటర్లు 72 సెకన్ల అటూ ఇటూగా పోతాయి, అంటే 200కి 12. మీ పిల్ల 45 చేసిందని దిగులు పడకండి, పక్కింటివాళ్ల పిల్ల 38 చేసిందని కుళ్లుకోకండి. ఎక్కింది యాభై కిలోల జాకీయా, అరవై ఐదు కిలోల నాలాంటి రైడింగ్ బాయా? ఇసుక ట్రాక్ ఆ రోజు తడిగా ఉందా, పొడిగా లోతుగా ఉందా? ఒంటరిగా వెళ్లిందా, జతగానా? అడిగితే వెళ్లిందా, అడక్కుండానే వెళ్లిందా? ఇవేవీ ఆ అంకెలో కనిపించవు. నన్నడిగితే అంకెకంటే ఆ తర్వాత చూడాల్సినవే ఎక్కువ. ఆగాక ఊపిరి ఎంతసేపట్లో సర్దుకుంది, సాయంత్రం దాణా తొట్టి నాకిందా మిగిల్చిందా, మర్నాడు పొద్దున కాళ్లు చల్లగా ఉన్నాయా. పనిచేసిన మర్నాడు పొద్దున కాలు చూడని వర్క్ వర్కే కాదని మాకు పని నేర్పిన జమాదారు అనేవాడు, ఆయన నాలుగు గంటలకల్లా చీకట్లో టార్చి నోట్లో పెట్టుకుని ఒక్కో గుర్రం కాళ్లూ తడిమేవాడు. అమెరికాలో రెండేళ్ల పిల్లలను అమ్మే వేలాల్లో ఒక ఫర్లాంగు, అంటే సుమారు 200 మీటర్లు, పది సెకన్లలో పరిగెత్తించి చూపిస్తారు, ఆ పది సెకన్ల మీదే లక్షల డాలర్లు పలుకుతాయి. ఆ పిచ్చి మనకొద్దు.

గేటు గురించి కొంచెం. రేసు మొదలయ్యే ఇనప గేట్లో ఒక గుర్రం పట్టడానికి మాత్రమే చోటుంటుంది, రెండు పక్కలా గోడలు ఒంటికి రాసుకుంటాయి, వెనక తలుపు మూస్తారు. భయపడితే పారిపోవడం గుర్రం పుట్టుక, దాన్ని పారిపోలేని చోట పెట్టి ప్రశాంతంగా ఉండమంటున్నాం. ముందు రెండు తలుపులూ తెరిచిపెట్టి ఊరికే నడిపించాలి, తర్వాత లోపల ఆపి గడ్డి పెట్టాలి, తర్వాత ముందు తలుపు మూసి, తర్వాత రెండూ మూసి, మెల్లగా చేత్తో తెరిచి నడిపించి, చివరికెప్పుడో గంటతో. తొందరపడి రెండోరోజే గంట కొడితే కొన్ని లోపలే వెనక్కాళ్ల మీద లేస్తాయి. అలా ఒక్కసారి వీపు గేటుకి కొట్టుకుందంటే దాన్ని మాన్పించడానికి నెలలు పోతాయి.

గేటు తర్వాత మందలో పరుగు. ముందు గుర్రాల గిట్టల నుంచి మట్టి, ఇసుక ముఖాన కొడుతుంటే తల ఎత్తకుండా పోవడం, మలుపులో లోపలివైపు కాలు ముందుకి వేసి మలుపు దాటాక కాలు మార్చుకోవడం, రెండు గుర్రాల మధ్య సందులో దూరడం. ఇవి ఒంటరిగా ఎన్ని వర్కులు చేసినా రావు, మాక్ రేసుల్లోనే, అంటే పందెం లేని ప్రాక్టీసు రేసుల్లోనే వస్తాయి. మాక్ రేసులో మీ పిల్ల చివర వచ్చినా ఏడవకండి, జాకీని ఎందుకు కొట్టలేదని అడగకండి. మాక్ రేసులో, మొదటి రేసులో కొరడా దెబ్బలు తిన్న పిల్ల ఆట అంటే దెబ్బలనుకుంటుంది. మొదటిసారి పరిగెత్తి ఇంటికొచ్చి దాణా శుభ్రంగా తిన్న గుర్రం నా లెక్కలో గెలిచినట్టే. (మీరు ఒప్పుకోరు, నాకు తెలుసు.)

డబ్బు సంగతి నాకు తెలియక కాదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, పరిగెత్తని పిల్లకు కూడా నెలనెలా ట్రైనింగ్ ఫీజు, డాక్టరు, నాడాలు, జీతాలు అన్నీ కట్టాల్సిందే, ఆ బిల్లులు టైపు చేసి పంపేది నేనే. జీతగాళ్లు కలిసి వాటా కొన్న గ్రూపుల్లో ఒక్కొక్కరికి ఆ మొత్తం ఎంత బరువో మీ "రేపు వేస్తాను" మెసేజుల్లోనే తెలిసిపోతుంది. కానీ పదినెలల ఫీజు కట్టి, పదకొండో నెల ఓపిక పట్టలేక గుర్రాన్నే పోగొట్టుకుంటే ఆ పదినెలలూ పోయినట్టే కదా. అంత బరువనిపిస్తే వాటా తగ్గించుకోండి, అమ్ముకోండి, అందులో సిగ్గేం లేదు. గుర్రం మీద ఆ ఒత్తిడి పెట్టకండి.

ఈ ఉత్తరం స్టివార్డుల (రేసుల నిర్వహణ, రూల్స్ చూసే క్లబ్ పెద్దల) కంట కూడా పడుతుందని ఆశ. అయ్యా, హైదరాబాద్‌ది ఒక్కటే కాదు, ముంబై, బెంగళూరు, చెన్నై, కోల్‌కతా, అన్ని టర్ఫ్ క్లబ్బులకూ ఇదే విన్నపం. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం అదృష్టం మీద నడిచే జూదం కాదు, నైపుణ్యం మీద నడిచేది అని తేల్చింది. గుర్రానికి ఇచ్చే శిక్షణ, దాని సత్తువ, జాకీ నేర్పు, ఇవన్నీ కలిస్తేనే ఫలితం అన్న లెక్క మీదే ఆ తీర్పు నిలబడింది. పందెం బతికి ఉండటానికి శిక్షణే ఆధారమైనప్పుడు మొదటిసారి పరిగెత్తే గుర్రం శిక్షణ వివరాలు జనానికి ఎందుకు అంత తక్కువ తెలియాలి? హాంకాంగ్ జాకీ క్లబ్ చూడండి, ప్రతి గుర్రం రోజువారీ ట్రాక్‌వర్క్, బ్యారియర్ ట్రయల్ (గేటు నుంచి వదిలే ప్రాక్టీసు పరుగు) ఫలితాలు, కాళ్లకో ఊపిరికో వచ్చిన ఇబ్బందులు, అన్నీ ఎవరైనా చూసుకునేలా వెబ్‌సైట్లో పెడుతుంది. జపాన్‌లో గేటు పరీక్ష పాసవకుండా పిల్లను మొదటి రేసుకి రానివ్వరు. కాలిఫోర్నియాలోని సాంటా అనీటాలో 2019లో వరసగా గుర్రాలు చనిపోయాక, టైమ్ పెట్టి గట్టిగా పరిగెత్తించాలన్నా ట్రైనర్ ముందే అనుమతి అడగాలని రూలు పెట్టారు. అంత జరిగాక పెట్టారు.

మన దగ్గర గేటు చూసే స్టార్టర్లు, డాక్టర్లు, మాక్ రేసులు ఉన్నాయి, లేవనడం లేదు. నేను అడిగేది, మొదటి రేసు ఎంట్రీ వేసేముందు పిల్ల కనీసం ఒక మాక్ రేసు చేసి ఉండాలి, ఆ మర్నాడు పొద్దున (ఆ రోజు కాదు, మర్నాడు, కాళ్లు చల్లారాక) క్లబ్ డాక్టరే ముందు కాళ్లు తడిమి, ట్రాట్ చేయించి చూడాలి, ముందు మోకాలి ఎక్స్‌రే ఒకటి ఫైల్లో ఉండాలి, మధ్యలో ఎన్ని వారాలు పని ఆగిందో రేస్ కార్డులో ఒక లైను పడాలి. కొత్త మిషన్లు కొనక్కర్లేదు. ఓనర్ల ఒత్తిడికి తట్టుకోలేని ట్రైనర్లకు కూడా ఇది మేలే, "రూలు అలా ఉంది సర్, నేనేం చేయను" అనేస్తారు. పందెం కాసేవాళ్లకు కూడా ఉపయోగమే, ఇప్పుడు కొత్త పిల్ల మీద కాసేవాడు దాని తండ్రి పేరు, లాయంలో వాళ్లూ వీళ్లూ చెప్పుకునే గుసగుసలు తప్ప ఏం చూసి కాస్తున్నాడు?

ఓనర్లూ, ఆ రూలు వచ్చేదాకా మీరు చేయగలిగింది ఉంది. ఎప్పుడు పరిగెడుతుంది అని కాకుండా పోయిన వర్క్ మర్నాడు కాళ్లెలా ఉన్నాయని అడగండి. షిన్‌సోర్ ఎప్పుడైనా వచ్చిందా, మోకాలి ఎక్స్‌రే తీశారా, గేట్లో ఎంతవరకు వచ్చింది, దాణా మొత్తం తింటోందా అని అడగండి. ఈ ప్రశ్నలు అడిగే ఓనరుకి ట్రైనర్ అబద్ధం చెప్పడు, చెప్పలేడు కూడా. "ఈ నెల వద్దు సర్" అని ట్రైనర్ అంటే ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత ధైర్యం తెచ్చుకుని ఉంటాడో నేను పక్కనే కూర్చుని చూశాను, వెంటనే సరే అనండి.

ఇంకొకటి. ఈ సీజన్లో పిల్లలు గ్యాలప్స్‌కి మొదలయ్యాయి, చూడటానికి రండి, తప్పకుండా రండి, కానీ ట్రాక్ కంచె దగ్గర నిలబడి ఫ్లాష్ పెట్టి ఫొటోలు తీయకండి, మీ ఇంటి పిల్లల చేతుల్లో బెలూన్లు ఉంటే కార్లోనే పెట్టి రండి. బెల్లం తెచ్చేవాళ్లు సైసుకి ఇవ్వండి, పని అయ్యాక, ఒళ్లు చల్లబడ్డాక అతనే పెడతాడు.